రక్తంలో ఉప్పు తగ్గిందట

“...నేనేమన్నాను వదినా ఇప్పుడు? అడిగానంతే. అడగడం కూడా తప్పేనా?”

“అడుగు పిట్టా. ఎవరొద్దన్నారు.”

“అలా గిన్నెకేసి చూస్తూ ‘అడుగు’ అంటే ఏం అడుగుతాను? ఇటు తిరుగు ఒకసారి.”

“జిడ్డు వదలట్లేదు.”

“ఉప్పూ పులుపూ లేని తిండికి జిడ్డెక్కడిది? ఇందాకట్నుంచి అదే గిన్నె తోముతున్నావు. అరిగిపోయేలా ఉంది.”

ఆసుపత్రిలో మగవాళ్ల వార్డు చివర, రోగుల తాలూకు వాళ్లు గిన్నెలు కడుక్కునే కుళాయిలు. మిట్టమధ్యాహ్నం. తాళాలు బాగుచేసే మనిషి లోపల తెర వెనక మంచం మీద ఉన్నాడు. ఆయన భార్యా, ఆయన చెల్లెలూ ఇక్కడ. చెల్లెలికి పిట్ట అని పేరు పెట్టింది ఆ అన్నే. చిన్నప్పుడు నోరు మూసేది కాదట. ఇప్పుడు మాత్రం మూసిందా ఏమిటి!

“పొద్దున నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? ‘ఎవరమ్మా, తాళంచెవి పోయిందా?’ అన్నాడు. సొంత చెల్లెల్ని పట్టుకుని!”

“నువ్వు నయం. నన్ను ‘అమ్మా’ అన్నాడు.”

“నవ్వుతున్నావా?”

“లేదు. నా మొహమే ఇంత.”

“పొట్ట చూశావా? పోయిన వారం కాస్త తగ్గింది, ఇంటికి పంపించేస్తాం అన్నారు కదా. ఉన్నట్టుండి ఇదేంటి? చొక్కా గుండీలు పెట్టబోతే అందట్లేదు. చర్మం మెరుస్తోంది. ముట్టుకోవాలంటేనే భయమేసింది.”

“నీళ్లు తీస్తున్నారుగా. తగ్గుతుందిలే.”

“తీస్తే తగ్గుతుంది సరే. ఎందుకు చేరాయంట? డాక్టరు నిన్ను గదిలోకి పిలిచి తలుపేసుకున్నాడు కదా. ఏమన్నాడు?”

“ఏముంటుంది. మామూలే.”

“మామూలంటే?”

“అదే. లివరు, కిడ్నీలు, రక్తం, ఉప్పు...”

“ఉప్పా? ఉప్పేంటి?”

“ఏం లేదులే. ఆ గ్లాసిలా ఇవ్వు.”

“కాదు, ఉప్పన్నావు. ఉప్పు గురించి ఏమన్నాడు?”

“గ్లాసివ్వవే తల్లీ.”

“ఇదిగో గ్లాసు. ఏమన్నాడు?”

“నీకెందుకంత ఖంగారు?”

“ఖంగారేముంది! ఖంగారేం లేదు. మా అన్నయ్య గురించి నాకు తెలియక్కర్లేదా? పోనీ నేనే చెప్పనా? నాకు చదువు లేదనుకుంటారు గానీ ఆ రిపోర్టు నేనూ చూశాను. మంచం మీద పెట్టి వెళ్లావుగా. మెగ్నీషియం, పక్కన కింది బాణం. జింకు, కింది బాణం. పొటాషియం, కింది బాణం. సోడియం, కింది బాణం. ఒక్కటైనా పైకి చూస్తే ఒట్టు.”

“తాగుడు తాగినన్నాళ్లూ తిండి తినలేదు. తిన్నది ఒంటబట్టలేదు. పైకెలా చూస్తాయి?”

“సరే, ఒప్పుకున్నాను. మరి మెగ్నీషియం తగ్గితే ఏం చేశారు? సీసా ఎక్కించారు. పిక్కలు పట్టేసి అరిచేవాడు, రెండో సీసాకే ఆ అరుపులు తగ్గాయి. జింకు తగ్గితే బిళ్లలిచ్చారు. పొటాషియం తగ్గితే ఆ తియ్య తియ్య మందేదో పోశారు. తగ్గినదల్లా పోస్తున్నారు కదా. మరి సోడియం తగ్గితే ఉప్పు మానేయమంటారేంటి? ఇదెక్కడి లెక్క వదినా?”

“వాళ్ల లెక్కేదో వాళ్లకుంటుంది.”

“నాకూ ఉంది లెక్క. పద్దెనిమిదేళ్లుగా రంగుల తొట్ల దగ్గర నించుంటున్నాను. ఈ గోళ్లు చూడు, ఏ సబ్బుకీ వదలని నీలం. తొట్టిలో ఉప్పు తగ్గితే గుడ్డకి రంగు పట్టదు. అది పిల్లలకి కూడా తెలుసు. ఉప్పు కొలిచే గాజు గొట్టం తొట్టిలో వదుల్తాం, తేలితే సరే, మునిగితే ఉప్పు తక్కువని. తక్కువైతే బస్తా విప్పడమే. అంతే!”

“మనిషి తొట్టి కాదుగా.”

“కాదనుకో. కానీ ఉప్పు ఉప్పేగా?”

“పిట్టా, నీళ్లు పక్కకి చిమ్ముతున్నావు.”

“ఎప్పుడు చూసినా మాట దాటేస్తావు నువ్వు. నీలో నాకు నచ్చనిదదే. నేను మొహం మీద అడిగేస్తాను. నువ్వు చేసి పెడుతున్న ఆ తెల్ల అన్నం, ఆ ఉడకబెట్టిన కూరముక్కలు... నోట్లో పెట్టుకుంటే గోడ నాకినట్టుందన్నాడు అన్నయ్య. నాతో అన్నాడు. నీతో అనడు, నువ్వంటే హడలు.”

“హడలా! నేనంటే?”

“కాదా? నిన్ను చూస్తే గొంతు తగ్గిస్తాడు.”

“హడలున్నవాడు ఇన్నేళ్లు అలా తాగేవాడా?”

“మొదలుపెట్టావా! తాగాడు, నిజమే. కాదనట్లేదు. తాగి ఎవర్నైనా ఒక్క మాటన్నాడా? ఎవరి మీదైనా చెయ్యెత్తాడా? వీధిలో ఎవర్నైనా అడుగు, ‘తాళాలాయనా? మెత్తటి మనిషి’ అంటారు.”

“మెత్తటి మనిషే. తాగితే ఇంకా మెత్తబడతాడు. గడప మీద కూచుని ఏడుస్తాడు. ఊళ్లో అందరి తాళాలూ తీసేవాడు, మన తలుపు తాళంలో చెవి దూర్చలేక కూచుని ఏడుస్తాడు. నేను లేచి వెళ్లి తియ్యాలి. ‘ఇదే ఆఖరు’ అని నా చేతులు పట్టుకుంటాడు. పొద్దున్నే గుర్తుండదు. తిట్టేవాడైతే తిరిగి తిట్టేదాన్ని. కొట్టేవాడైతే వదిలేసి పోయేదాన్ని. ఏడ్చేవాణ్ని ఏం చెయ్యాలే?”

“...ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?”

“చెప్తే ఏమనేదానివి? ‘మా అన్నయ్య మెత్తటివాడు’ అనేదానివి.”

“అయినా షాపు నడిపాడు కదా. ఒక్కరోజు మూశాడా? చెయ్యి వణుకుతున్నా తాళంచెవులు కోస్తూనే ఉన్నాడు.”

“ఎవరు కోశారు?”

“అన్నయ్య.”

“రెండేళ్ల నుంచీ ఆయన ఆకురాయి పట్టుకోలేదు పిట్టా. పట్టుకుంటే వణుకుతో చెవి పళ్లు ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు. ఏ తాళానికీ తిరిగేది కాదు. జనం తెచ్చి మొహాన కొట్టడం మొదలెట్టారు. అప్పట్నుంచి ఆయన ముందు కూచుని మాటలు చెప్తాడు, నేను వెనక గదిలో కోస్తాను. ఇదిగో వేళ్లు. చూడు.”

“అయ్యో వదినా... ఇవి నీ వేళ్లేనా? ఇన్ని కోతలేంటి?”

“నీ గోళ్లకి నీలం, నా వేళ్లకి ఇనుపపొడి. ఎవరి రంగు వాళ్లది. సరే, ఆ మూత ఇటివ్వు.”

వార్డు తలుపు తీసుకుని నర్సు వచ్చింది. చేతిలో ఏమీ లేదు, మొహంలో మాత్రం చాలా ఉంది.

“తాళాలాయన తాలూకు మీరేనా?”

“మేమే సిస్టర్. నేను చెల్లెల్ని, ఈవిడ మా వదిన. ఎలా ఉన్నాడు? లేచాడా? మాట్లాడుతున్నాడా?”

“ఇంకా మగతలోనే ఉన్నాడు. బకెట్ నిండా నీళ్లొచ్చాయి, ఇంకా వస్తున్నాయి. చూడండమ్మా, డాక్టరుగారు నన్ను పంపారు. సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. ఆయనకి దొంగచాటుగా మందేమైనా తెచ్చిచ్చారా?”

“మందా! సిస్టర్, ఏం మాటలవి? ఆ సీసా పేరెత్తితేనే మా వదిన మండిపడుతుంది. మేమెందుకిస్తాం?”

“నేను మిమ్మల్ని అనట్లేదు. అందర్నీ అడుగుతాం. మందు కాకపోతే ఉప్పు. తీసిన మూత్రంలో ఉప్పు కనిపిస్తోంది. మా వంటింటి తిండిలో ఉప్పు లేదు, మీరు వండి తెచ్చేదాంట్లోనూ వద్దన్నాం. మంచం తలాపున అంత అక్షరాలతో ‘ఉప్పు వద్దు’ అని అంటించాం. అయినా ఎవరో పెడుతున్నారు.”

“...ఉప్పు వల్ల ఇంత అవుతుందా సిస్టర్?”

“మీరడిగారు కాబట్టి చెప్తాను. రక్తంలో సోడియం తక్కువ చూపిస్తోంది కదా అని చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. ఒంట్లో ఉప్పు తక్కువై కాదమ్మా అది. ఉప్పు కావలసినదాని కన్నా ఎక్కువే ఉంది, నీళ్లు అంతకన్నా ఎక్కువున్నాయి. నీళ్లెక్కువై ఉప్పు పల్చబడింది. అందుకని తక్కువ కనిపిస్తుంది. పైనుంచి ఇంకా ఉప్పేస్తే అది ఇంకా నీటిని పట్టేస్తుంది. ఆ నీరంతా పొట్టలోకి. అక్కణ్నుంచి కిడ్నీల మీద దెబ్బ, తల మీద దెబ్బ. ఇవాళ మనుషుల్ని గుర్తుపట్టట్లేదంటే ఊరికే కాదు.”

“అంటే... నీళ్లెక్కువయ్యాయి. ఉప్పు తగ్గలేదు.”

“అంతే. ఇప్పుడు అసలు విషయం వినండి. ఉప్పు వల్లే ఇలా అయిందంటే డాక్టరుగారికి ఒక దారుంది. నీళ్లు తీసి, మందులు మార్చి, నాలుగు రోజులు ఆగి చూస్తారు. ఎవరూ ఏమీ పెట్టలేదు, ఉప్పు లేకుండానే ఇలా నిండిపోయిందంటే లివరు పూర్తిగా చేతులెత్తేసినట్టు. అప్పుడిక ఇంటికి తీసుకెళ్లిపొమ్మంటారు. ఎందుకంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి దాచకండి. ఎవరు పెట్టారు?”

“...”

“అమ్మా, మిమ్మల్నే.”

“నేనే సిస్టర్.”

“వదినా!”

“నువ్వుండు పిట్టా. నేనే పెట్టాను సిస్టర్.”

“మీరా! మీకు నేనే కదండీ చెప్పింది, మొదటిరోజే, కూచోబెట్టి! డాక్టరుగారు కూడా చెప్పారు. తల ఊపారు కదా!”

“ఊపాను.”

“అన్నీ తెలిసి ఎలా పెట్టారండీ? ఎంత? ఎందులో?”

“పొద్దుటి సూపులో. మొదట చిటికెడు. తర్వాత ఇంకాస్త. ఈ నాలుగైదు రోజులూ చెంచాడు.”

“చెంచాడా! రోజూనా!”

“రోజూ.”

“ఎంత పని చేశారండీ! వారం రోజులు మేమందరం పడ్డ పాటు బూడిదలో పోసినట్టయింది. ప్రేమ ఉండొచ్చు గానీ... సరే, ఇప్పుడు అరిచి ఏం లాభం. చెప్పారు, అదే పదివేలు. డాక్టరుగారికి చెప్తాను. మీరు ఇంకే పొట్లాలూ లోపలికి తేకండి. బతిమాలుకుంటున్నాను.”

“తేను.”

“ఏమ్మా, చెల్లెలుగారూ, మీరేంటి అలా అయిపోయారు? గోడ పట్టుకోండి. నీళ్లు తాగండి. భయపడకండి, ఇంకా ఆశ ఉంది.”

నర్సు వెళ్లింది. కుళాయి పారుతూనే ఉంది. పిట్ట నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

“వదినా.”

“కుళాయి కట్టు.”

“వదినా, నువ్వెందుకలా చెప్పావు?”

“కట్టవే. ఊరికే పోతోంది.”

“కట్టాను. ఇప్పుడు చెప్పు. నువ్వు ఉప్పు వెయ్యలేదు. నువ్వు వేస్తే అన్నయ్య గోడ నాకినట్టుందని ఎందుకంటాడు? నువ్వు వెయ్యలేదు.”

“పోనీలే.”

“పోనీలే ఏంటి! నేను వేశాను. నేనే వదినా. సూపు నేను తెస్తున్నాను కదా రోజూ, ఫ్లాస్కులో. పొట్లం జాకెట్లో పెట్టుకొచ్చేదాన్ని. కార్ఖానా ఉప్పు కాదు, ఒట్టు, ఇంట్లో ఉప్పే.”

“గట్టిగా అరవకు.”

“అరుస్తాను! నన్ను చూసి దొంగలా గొంతు తగ్గించి అడిగాడు వదినా. ‘పిట్టా, చిటికెడు వెయ్యవే, నోరు చచ్చిపోయింది’ అని. చిటికెడు వేశాను. తెలియట్లేదన్నాడు. ఇంకొంచెం వేశాను. తెలియట్లేదన్నాడు. చివరికి చెంచాడు వేసి కలిపితే, ‘ఆఁ, ఇప్పుడు తగిలిందే’ అని నవ్వాడు. ఎన్నాళ్లకి నవ్వాడో! ఆ నవ్వు చూసి రోజంతా తొట్ల దగ్గర ఎగిరి గంతేసినంత పని చేశాను.”

“నవ్వాడా?”

“నవ్వాడు.”

“తగిలిందన్నాడా?”

“అన్నాడు. ఏం?”

“తగిలుండదు. ఒంట్లో జింకు తగ్గిపోతే నాలుక మొద్దుబారిపోతుందట. ఉప్పో తీపో తెలియదట. డాక్టరు చెప్పాడు. బిళ్లలు వేసినా నెలలు పడుతుందన్నాడు, రుచి తిరిగిరావడానికి. నువ్వు చెంచా కాదు, గరిటెతో పోసినా ఆయనకి తెలిసేది కాదు.”

“మరి తగిలిందని ఎందుకన్నాడు?”

“ఎదురుగా చెంచా పట్టుకుని కూచున్నావుగా ఆశగా. నీ మొహం చూసి అనుంటాడు.”

“నా కోసమా? అయ్యో, ఎంత పాపిష్టిదాన్ని...”

“కూర్చో. ఆ బల్ల మీద కూర్చో ముందు.”

“కూర్చోను. తొట్టి దగ్గర కొత్తగా చేరినవాళ్లకి ఏం చెప్తానో తెలుసా నేను? గొట్టం మునగ్గానే ఉప్పుకి పరిగెత్తకండి, ముందు తొట్టిలో నీళ్లెంత వరకున్నాయో చూడండి, ఎవరైనా నీళ్ల గొట్టం కట్టకుండా వదిలేశారేమో చూడండి అని. నేనే చెప్తాను! కంఠశోష వచ్చేలా చెప్తాను! అన్నయ్య పొట్ట కళ్లెదురుగా అంతంత పెరుగుతుంటే నాకు నీళ్లు కనపడలేదు. బాణం కనపడింది. నన్ను చెప్పుచ్చుకు కొట్టినా తప్పులేదు.”

“తెలిసి చేశావా? తెలియక చేశావు.”

“తెలియకపోతే ‘ఉప్పు వద్దు’ అని చదవలేనా? చదివాను. వీళ్లకేం తెలుసులే అనుకున్నాను. నీకేం తెలుసులే అనుకున్నాను. దాంతో ఆగానా? నిన్ను పట్టుకుని నీ వంటకి రుచి లేదన్నాను.”

“అది ఆయన ముందు నుంచీ అంటున్నదే. రెండేళ్లు. పళ్లెం తోసేసేవాడు. ‘నీ చేతికి ఏమైందే, గడ్డి వండినట్టుంది’ అనేవాడు. నేనూ నిజమే అనుకున్నాను. ఇనుపపొడి పట్టి పట్టి నా చేతికి రుచి పోయిందేమో అనుకున్నాను. వండినదే మళ్లీ మళ్లీ నాలిక మీద వేసుకుని చూసేదాన్ని. పక్కింటావిణ్ని పిలిచి రుచి చూడమన్నాను కూడా, సిగ్గు లేకుండా. ఇక్కడికొచ్చాక గానీ తెలియలేదు, అదంతా ఆ జింకు భాగోతమని.”

“వదినా, నువ్వెన్ని కడుపులో పెట్టుకున్నావు!”

“ఏం పెట్టుకోలేదు. చోటు లేక పెట్టుకోలేదు.”

“నువ్వు చల్లగా ఉండాలి. పద, ఇద్దరం వెళ్దాం. డాక్టరుకి నేను చెప్పేస్తాను, వేసింది నేనని. నిందంతా నువ్వు మొయ్యడమేంటి?”

“ఇప్పుడెందుకు? ఉప్పని తెలిసింది, వాళ్లకి దారి దొరికింది. ఏ చెయ్యి వేసిందన్నదాంతో మందు మారదుగా.”

“నాకు ఊపిరాడదు వదినా! ఆ సిస్టరు నిన్నలా చూస్తుంటే నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అయినా నోరు రాలేదు. ఎప్పుడూ మూతపడని నోరు ఆ ఒక్క క్షణం మూతపడింది చూడు! నువ్వు నోరు తెరవకపోతే నేను తెరిచేదాన్నో లేదో కూడా తెలియదు. నిజం చెప్తున్నాను.”

“తెరిచేదానివిలే.”

“ఏమో. అన్నయ్యని ఇంటికి తీసుకుపొమ్మన్నా నోరు మెదపకపోయేదాన్నేమో. నువ్వు నా తప్పుని నీ నెత్తినేసుకుని అన్నయ్యని బతికించావు. నువ్వు మనిషివి కాదు, దేవతవి.”

“ఆ మాటనకు.”

“అంటాను.”

“పిట్టా, అనకు.”

“ఎందుకనకూడదు? ఇంకొకత్తి అయితే నన్ను జుట్టు పట్టుకుని వార్డంతా తిప్పేది. అన్నయ్య లేవగానే మొదట ఇదే చెప్తాను. నీ పెళ్లాం కాళ్లకి దణ్ణం పెట్టుకో అని...”

“చెప్పకు. ఆయనకేమీ చెప్పకు. నోరు మూసుకో కాసేపు, నీకు పుణ్యముంటుంది!”

“...అరిచావేంటి? ఇన్నేళ్లలో నువ్వరవగా వినలేదు నేను.”

“తలనొప్పి.”

“ఏడుస్తున్నావా?”

“సబ్బు పడింది కంట్లో.”

తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి నర్సు మొహం వేరేలా ఉంది.

“అమ్మా, కళ్లు తెరిచాడు. ఊరు, పేరు, ఏం పని చేస్తాడో అన్నీ అడిగాను. తడుముకోకుండా చెప్పాడు. బీపీ కూడా నిలబడింది.”

“నిజంగా? సిస్టర్, నిజంగా? మీ నోట్లో చక్కెర పొయ్యాలి!”

“పొయ్యండి గానీ ఉప్పు మాత్రం వద్దు. గండం గడిచిందని చెప్పను, రెండు మూడు రోజులు కాసుకుని ఉండాలి. కానీ పొద్దుటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. మీ ఆవిడ ఎక్కడుందని అడిగితే ‘కుళాయి దగ్గరుంటుంది, అది ఎప్పుడూ ఏదో ఒకటి కడుగుతూనే ఉంటుంది’ అన్నాడు. పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు.”

“విన్నావా వదినా? అన్నయ్యే! అచ్చం అన్నయ్యే!”

“మాత్రలిస్తే నా చేత్తో మింగనంటున్నాడు. ఆవిడే ఇవ్వాలట. ఆవిడ ఇస్తే చేదైనా దిగుతుందట. రండి. నేనేదో కోపంలో అరిచాను ఇందాక, మనసులో పెట్టుకోకండి. పాపం, ప్రేమ కొద్దీ చేశారు.”

“వస్తాను సిస్టర్. చేతులు తుడుచుకుని వస్తాను.”

“త్వరగా రండి మరి. మళ్లీ నిద్రపోతాడు.”

“పద వదినా! ఇంకా నించున్నావేంటి? ఆ గిన్నె అక్కడ పారేసి పద.”

“నువ్వెళ్లు.”

“నేనా? నిన్ను కదా రమ్మన్నాడు.”

“నువ్వెళ్లి వేసెయ్యి మాత్రలు. నేను తర్వాతొస్తాను.”

“నేను ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నువ్వు పక్కనుంటే వస్తాను. నీ చేత్తోనే మింగుతానన్నాడు కదా, వినలేదా?”

“విన్నాను. అందుకే వెళ్లలేను.”

“అందుకే ఏంటి? నీకేమైంది?”

“ఏం లేదు.”

“ఏం లేదేం లేదని నన్ను మభ్యపెట్టకు. ...వదినా, ఒక్క మాట. ఇందాక సిస్టరుతో సూపులో అన్నావు. మొదట చిటికెడు, తర్వాత చెంచాడు అన్నావు. ఎంత వేశానో నేను నీకు ఆ తర్వాత కదా చెప్పింది? ముందే నీకెలా తెలుసు? డాక్టరు చెప్పాడా? డాక్టరుకి చెంచా సంగతి ఎలా తెలుస్తుంది? అన్నయ్య చెప్పాడా?”

“ఎవరూ చెప్పలేదు.”

“మరి? మాట్లాడు వదినా, నాకు భయమేస్తోంది.”

“ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఇక చాలు అనిపించింది పిట్టా. ఇంటికెళ్లి పడుకుంటే రాత్రి లేచి ఎవరికీ తలుపు తియ్యక్కర్లేకుండా ఉంటే బాగుండుననిపించింది. అనిపించడం వేరు, చెయ్యడం వేరు అనుకున్నాను. నేను చెయ్యలేదు కదా అనుకున్నాను.”

“ఏం చెయ్యలేదు? ఏం చెప్తున్నావు నువ్వు?”

“మొదటిరోజే చూశాను. నువ్వు తెర చాటున పొట్లం విప్పుతున్నావు. ఆపాలని నోరు తెరిచాను. నోట్లోంచి మాట రాలేదు. నీళ్ల సీసా తీసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాను. ఆ మర్నాటి నుంచీ సూపు గిన్నె కడిగేటప్పుడు అడుగున మిగిలింది నాలిక మీద వేసుకుంటే చిటికెడో చెంచాడో తెలిసేది, అయినా నువ్వు సూపు తెచ్చే వేళకి రోజూ నీళ్లకే వెళ్తున్నాను.”